లెక్కలో కనబడని ఫలము

మన కుటుంబాలలోని యౌవనస్థులు అనేకులు నేడు వైద్య పరిశోధనలో ఉన్నారు. "పేపరు వచ్చిందా? సైటేషన్లు ఎన్ని?" అనే మాటలు వారి నోట తరచుగా వింటాము. ఒక శాస్త్రజ్ఞుడు తన వ్యాసము వ్రాసేటప్పుడు, తాను ఎవరి పనిపై ఆధారపడ్డాడో వారి వ్యాసాన్ని పేర్కొంటాడు. అదే సైటేషన్. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ వీటిని లెక్కించి 1964లో ఒక సూచికను వెలువరించాడు. 2005లో జార్జ్ హిర్ష్ హెచ్ ఇండెక్సు అనే కొలతను ప్రతిపాదించాడు. ఒకరి వ్యాసాలలో 20 వ్యాసాలు, ఒక్కొక్కటి కనీసం 20 సార్లు పేర్కొనబడితే ఆయన హెచ్ ఇండెక్సు 20. ఉద్యోగమునకు, పదోన్నతికి, నిధులకు ఈ అంకెలనే చూచేవారు ఎందరో ఉన్నారు.

అయితే ఈ అంకె దేనిని కొలుస్తుంది? 1895లో భీమవరములో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితాన్ని చూస్తే ఇది బోధపడుతుంది.

ఆయన 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతనుబట్టి కొలిచే పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించారు. ప్రయోగశాలలలో అందరికీ అవసరమైన పద్ధతి గనుక ఆ వ్యాసము వేలాదిసార్లు పేర్కొనబడింది.

పద్ధతిని నేర్పే వ్యాసాలకే ఎక్కువ సైటేషన్లు రావడము సామాన్యము. ప్రోటీన్లను కొలిచే విధానముపై ఆలివర్ లౌరీ బృందము 1951లో వ్రాసిన వ్యాసానికి 3 లక్షలకు పైగా వచ్చాయి. 2014లో నేచర్ పత్రిక అత్యధిక సైటేషన్లు గల 100 వ్యాసాలను లెక్కించినప్పుడు అదే మొదటిది. డీఎన్ఏ రూపాన్ని తెలిపిన 1953నాటి వాట్సన్, క్రిక్‌ల వ్యాసమో ఆ వందలో లేనేలేదు!

1929లో ఫిస్కే, సుబ్బారావుగార్లు కండరాలలో ఏటీపీ ఉన్నదని తెలియజేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే సంవత్సరము దానిని కనుగొన్నాడు. నేడు ప్రతి విద్యార్థి ఏటీపీ అని పలుకుతాడు గాని, ఆ తొలి వ్యాసాన్ని పేర్కొనేవారు బహు కొద్దిమంది. పని అందరి సొత్తైనప్పుడు చేసినవాని పేరు మరుగైపోతుంది.

హార్వర్డులో శాశ్వత స్థానము దొరకక, ఆయన 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ మందును సిడ్నీ ఫార్బర్ బోస్టనులో రక్త క్యాన్సరుగల పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలము మేలు కలిగింది. 1948 జూన్‌లో వెలువడిన ఆ ప్రసిద్ధ వ్యాసానికి రచయితలు ఐదుగురు. వారిలో సుబ్బారావుగారు లేరు. ఆ ఆగస్టులోనే, 53 ఏండ్ల వయస్సులో, ఆయన కన్నుమూశారు. బోదకాలు వ్యాధికి మన గ్రామాలలో ఇంటింటికి పంచిన డీఈసీ మాత్రకూడ ఆయన బృందము 1947లో ప్రకటించిన మందే. ఆ మాత్ర మ్రింగిన తల్లి ఏ సూచికలోను సైటేషన్ వ్రాయదు.

అంకె వ్యర్థమని చెప్పడము లేదు. ఒక పని తోటి పరిశోధకులకు ఎంతగా ఉపయోగపడిందో అది చెబుతుంది. ఎవరి ప్రాణము నిలిచిందో చెప్పదు. పత్రిక పేరుప్రతిష్ఠల అంకెతో మనిషి పనిని తూచరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన పత్రికా సంపాదకులు, ప్రచురణకర్తలు ఒక ప్రకటననే సిద్ధముచేశారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ "నా పేపరు వచ్చింది" అని చెప్పినప్పుడు, "ఎన్ని సైటేషన్లు?" అనకముందు "ఏమి కనుగొన్నావమ్మా? అది ఎవరికి ఉపయోగపడుతుంది?" అని అడగండి. యౌవనులారా, అంకె తక్కువని క్రుంగిపోవద్దు. అంకె కోసము ఒక్క పనిని నాలుగు ముక్కలుచేసి నాలుగు వ్యాసాలుగా చూపవద్దు. మీతో శ్రమించినవారి పేరును మరువవద్దు.