చుట్టాలు దిగేది మేలో... మా బడి సెలవులు జూలైలో!

మన దగ్గర ఎండాకాలం సెలవులిచ్చారంటే చుట్టాల రాకపోకలు మొదలైనట్టే కదా! దుబాయ్‌లో ఉన్నంత మాత్రాన ఆ సందడి మాకు తప్పదు. హైదరాబాదు నుంచి విమానంలో నాలుగు గంటల దారి. కరీంనగర్ నుంచి తిరుపతి వెళ్లడానికే అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది! చిక్కల్లా ఒక్కటే. ఇక్కడి ఇండియన్ సిలబస్ బళ్లకు ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం మొదలవుతుంది, సెలవులు జూలై, ఆగస్టుల్లో. అక్కడ అందరూ పెట్టెలు సర్దుకునే మే నెలలో నేనిక్కడ తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతూ, టెస్టు పేపర్లు దిద్దుతూ ఉంటానన్నమాట. మాకు తీరిక దొరికే జూలైలో ఎండ 45 డిగ్రీలు. అప్పుడు ఎవరిని రమ్మనగలం? మేమే ఇంటికి పారిపోయి వస్తాం.

"టీచరుద్యోగమే కదా, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటావు" అంటారు ఫోన్లో. పొద్దున ఆరుంపావుకి బడి బస్సు ఎక్కితే ఇల్లు చేరేసరికి మూడున్నర. 2022 జనవరి నుంచి ఇక్కడ శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. ఆ రెండున్నర రోజుల్లోనే అంగడి, ఇల్లు, పిల్ల చదువు, చుట్టాల షికార్లు అన్నీ. మధ్యలో సెలవు పెట్టడమంటే మరో టీచరమ్మ మీద నా క్లాసులు రుద్దడమే. మొదటి టర్ములో ఆ మాట అడగడానికి నోరు రాదు.

అందుకే టికెట్టు కొనకముందే కొన్ని మాటలు నిర్మొహమాటంగా చెప్పేస్తాను. గసగసాలు తేవద్దు. మన వంటింట్లో మామూలు దినుసే గానీ ఇక్కడ మత్తుమందుల లెక్కలోకి వస్తుంది, విమానాశ్రయంలో దొరికితే కేసు. తమలపాకులు కూడా వద్దు, నోము చేసుకునే పెద్దావిడైనా సరే. మాత్రలు తెచ్చుకునేవాళ్లు డాక్టరు చీటీ వెంట పెట్టుకోవాలి. కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు ముందస్తు అనుమతి లేనిదే తేకూడదు. వీసా 30 రోజులదో 60 రోజులదో తీసుకోవచ్చు గానీ గడువు దాటితే రోజుకు 50 దిర్హాలు జరిమానా. "పిల్లాణ్ని విజిట్‌కి పంపుతున్నాం, చిన్న పనేదైనా చూసి పెట్టు" అనేవాళ్లకు మాత్రం గట్టిగానే చెబుతాను. విజిట్ వీసా మీద పని చేయడం నేరం. పట్టుబడితే ఆ పిల్లాడి పాస్‌పోర్టు మీద పడే మచ్చను చుట్టరికం చెరపలేదు. బంగారం సంగతి కూడా అంతే. ఆడవాళ్లకు 40 గ్రాముల నగల మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకేగానీ రెండు వారాల షికారుకొచ్చినవాళ్లకు కాదు. ఈ మాట చెప్పినందుకు మా తోడికోడలు రెండు నెలలు నాతో మాట్లాడలేదు!

2024 మేలో మా అత్తమ్మ వచ్చింది. జగిత్యాల పక్కన పల్లెటూరు ఆమెది. ఏప్రిల్ 16న దుబాయ్‌లో కురిసిన వానకు రోడ్లు, విమానాశ్రయం మునిగిపోవడం టీవీలో చూసి ప్రయాణం మానుకుంటుందేమో అనుకున్నాం. "మా చెరువు తెగినప్పుడు సూసిన్లే" అంటూ బయల్దేరింది.

మాది ఖుసైస్‌లో ఒకే పడకగది ఫ్లాటు, పదకొండో అంతస్తు. గది అత్తమ్మకు, మా అమ్మాయికి ఇచ్చి మేమిద్దరం హాల్లో పక్కలు వేసుకున్నాం. మూడో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి చీర కొంగు నోట్లో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఇదేం ఇల్లు బిడ్డా? తలుపు దీసినా మనిషి మొకం కనవడది. మా ఊర్లె అరుగు మీద కూసుంటే ఊరంత నా ముంగటికెల్లే పోతది."

ఆమెకు విందులు, షికార్లు అక్కర్లేదు. తనంతట తాను గడప దాటే వీలు కావాలి. మావారు ఆ రాత్రే ఇంటి తాళంచెవికి మారు చేయించారు. మెట్రోకి, బస్సుకి పనికొచ్చే నోల్ కార్డు ఒకటి కొని మెడలో వేసుకునే సంచీలో పెట్టాం. మెట్రోలో ఆడవాళ్లకు, పిల్లలకు వేరే పెట్టె ఉంటుందని, మగవాళ్లు ఎక్కితే 100 దిర్హాలు కట్టాలని చెబితే అత్తమ్మ పడిన ఆనందం ఇంతా అంతా కాదు. "మన బస్సులల్ల గిట్ల వెయ్యరేందే?" అని నన్ను నిలదీసింది!

వారం తిరక్కుండానే కింద కిరాణాకొట్టు మలయాళీ అబ్బాయితో బేరాలు మొదలు. జగిత్యాల అంగట్లో నేర్చిన ఉర్దూ ఇక్కడ అక్కరకొచ్చింది. సాయంత్రం పార్కులో లాహోరు నుంచి మనవళ్లను చూడ్డానికొచ్చిన ఒక పెద్దావిడతో దోస్తీ కుదిరింది. కోడళ్ల మీద ఇద్దరూ ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు, నేనూ అడగలేదు. ఒక్క జబ్బు మాత్రం తగ్గలేదు. దిర్హాన్ని రూపాయల్లోకి మార్చడం! పుంటికూర కట్ట చేతిలోకి తీసుకోవడం, లెక్క వేయడం, మళ్లీ అక్కడే పెట్టేయడం. ఇక్కడికొచ్చే చుట్టాలందరికీ ఉండేదే ఇది. దానికి మందు లేదు.

అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో తెరిచిన రాతి గుడికి తీసుకెళ్లాం. అన్ని దేవుళ్ల మధ్య వేంకటేశ్వరస్వామి కూడా కనిపించేసరికి అక్కడే కూలబడింది. ఆ వేళకు మాకు మరే పేరంటం గుర్తురాలేదు.

అసలు సంగతి ఒకరోజు రాత్రి జరిగింది. హాల్లో మావారు నిద్రపోతున్నారు, గదిలో పిల్ల. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని గట్టు మీద పేపర్లు పెట్టుకుని దిద్దుతున్నాను. మంచినీళ్లకు లేచొచ్చిన అత్తమ్మ గడియారం చూసింది. పదకొండున్నర. ఏమీ అనలేదు. పక్కన కింద కూర్చుని మర్నాటి చిక్కుడుకాయలు ఈనెలు తీసింది.

మర్నాడు మా ఆడబిడ్డతో ఫోన్లో అంటుంటే విన్నాను. "గాడ చెట్లకు పైసలు కాస్తలెవ్వే! ఏడాది కిరాయికి ముందే చెక్కులు రాసియ్యాలట. పిల్ల ఫీజు గంతనట. ఇది అర్ధరాత్రి దాకా గీతలు గీస్తనే ఉంటది." ఆడబిడ్డ కూతురి పెళ్లికి మేం పెట్టింది తక్కువైందని మూడేళ్లుగా నడుస్తున్న మాట ఆ రోజుతో ఆగింది. ఇన్నేళ్లుగా నేను చెప్పుకున్నా నమ్మని మాటను అత్తమ్మ రెండు నిమిషాల్లో నమ్మించింది.

జూన్ మొదటి ఆదివారం మా మరిదిని పిలవమంది. మావారి చిన్నాయన కొడుకు. సెంట్రింగ్ పని. ఊరి చివర అందరూ సోనాపూర్ అని పిలిచే క్యాంపుల్లో ఉంటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. అత్తమ్మ వాళ్లమ్మ పంపిన మామిడికాయ తొక్కు సీసా చేతికిచ్చింది. సర్వపిండి కాల్చి పెట్టింది. రెండు తిన్నాక గానీ నోరు విప్పలేదు.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నియమం. అదే చెప్పాడు. "ఇంకో రెండు వారాలైతే మద్దినాల నీడకు కూసుంటం పెద్దమ్మా."

"మరి గీ రెండు వారాలో?" అంది అత్తమ్మ.

అతను పళ్లెంలోకి చూస్తూ నవ్వాడు.

అత్తమ్మ ఊళ్లో వాడవాడకూ దుబాయ్ డబ్బుతో కట్టిన డాబాలున్నాయి. సెంటు పూసుకుని, పెట్టెలు మోసుకుని వచ్చినవాళ్లను ఆమె చూసింది గానీ ఇక్కడ బతుకుతున్నవాళ్లను చూడలేదు. ఆ సాయంత్రం బుర్జ్ ఖలీఫా ఎక్కిద్దామని మావారి ఆలోచన. 828 మీటర్ల కట్టడం, దుబాయ్ వచ్చి అది ఎక్కలేదంటే ఎలా అని. ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉన్న మరిది దాన్ని బస్సు కిటికీలోంచే చూశాడట. "అంత మీదికెందుకురా, ఈడికెల్లి కనవడుతనే ఉంది గద" అని అత్తమ్మ టికెట్లు కొననివ్వలేదు. నలుగురం, పిల్లా కలిసి క్రీక్ ఒడ్డుకు పోయి అబ్రా ఎక్కాం. మనిషికి 1 దిర్హం. చెక్క పడవలో గాలికి మరిది మాటల్లో పడ్డాడు. కూతురు ఐదో తరగతట, లెక్కల్లో వెనకబడిందట. ఆదివారాలు వీడియో కాల్లో నేను చూస్తానన్నాను. మన దేశం గడియారం గంటన్నర ముందు కాబట్టి మాకు సాయంత్రం ఆరైతే ఆ పిల్లకు ఏడున్నర. ఇప్పటికీ నడుస్తోంది. భిన్నాలు వచ్చేశాయి, దశాంశాలే ఇంకా కుదరడం లేదు.

అత్తమ్మ తిరుగు ప్రయాణానికి ముందు రోజు పెట్టె తూకం వేశాం. టికెట్టుకు 30 కిలోలే. మరిది పిల్లలకని తెచ్చిచ్చిన దుప్పటి, పాలపొడి డబ్బాలు, గొడ్డలి మార్కు తైలం సీసాలు కలిపి ఎనిమిది కిలోలు ఎక్కువొచ్చింది. మావారు దుప్పటి తీసేయబోయారు. అత్తమ్మ ఆయన చెయ్యి పక్కకు తోసి, మేం కొనిపెట్టిన ఖర్జూరం పెట్టెలు రెండూ, ఆడబిడ్డకని తీసుకున్న గిన్నెల సెట్టూ బయట పెట్టింది.

"ఇయ్యి మీరు జూలైల వచ్చేటప్పుడు తెండ్రి" అంది, పెట్టె మీద కూర్చుని జిప్పు లాగుతూ.