ఓడ బండెక్కిన వేళ

ఓడలు బండ్లమీదికీ, బండ్లు ఓడలమీదికీ వస్తాయని మన సామెత. భాగ్యచక్రం తిరిగే తీరును చెప్పడానికి దానిని వాడుతూ ఉంటాం. అమెరికా రహదారులమీద సెలవు రోజులలో ఆ సామెతలోని మొదటి సగం అక్షరాలా నిజమవుతుంది. సరస్సులకు సాగిపోయే కార్ల వెనుక, ట్రెయిలర్ల మీద పడవలు బారులు తీరుతాయి. ఆ పడవల వెనుక బిగించి ఉండే మోటారును దారిలో ఎలా నిలిపి ఉంచాలన్నది పైకి చాలా చిన్న ప్రశ్న. కాని దానిని ఉపేక్షిస్తే ఖరీదైన పడవ బీటలు వారవచ్చు. వెనుక వచ్చే వాహనంలోని వారికి ప్రాణాపాయమూ కలుగవచ్చు.

నార్వేలో పుట్టి, బాల్యంలోనే అమెరికాలోని విస్కాన్సిన్ చేరిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో తన అవుట్‌బోర్డు మోటారును మార్కెట్టుకు తెచ్చాడు. దాని శక్తి ఒకటిన్నర అశ్వశక్తి. బరువు 62 పౌనులు, అంటే సుమారు 28 కిలోలు. విహారం ముగియగానే మరలు వదులుచేసి, ఒక మనిషి ఇంటికి మోసుకుపోగల వస్తువది. ఆయన పేరుతో వెలువడిన మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఈలోగా మోటార్లు మహాకాయాలైనాయి. నేటి 150 అశ్వశక్తి మోటారు 200 కిలోలు దాటుతుంది. మెర్క్యురీ కంపెనీ 2021లో విడుదల చేసిన 600 అశ్వశక్తి యంత్రం బరువు సుమారు 570 కిలోలు. వీటిని పడవతోపాటే రోడ్డెక్కించక తప్పదు.

బరువు కాదు, కుదుపు

మోటారు భారమంతా మోసేది పడవ వెనుక అడ్డంగా నిలిచే పలక. దీనిని ట్రాన్సమ్ అంటారు. నీటిలో నడిచేటప్పుడు మోటారు కాలు నిటారుగా క్రిందికి దిగి ఉంటుంది. రోడ్డుమీద అలా వదిలితే ఎగుడు దిగుళ్ళలో దాని కొన నేలకు తగులుతుంది. అందుచేత దానిని పైకెత్తవలసి వస్తుంది. ఎత్తగానే పొడవైన కాలు వెనుకకు చాచుకొని, గాలిలో నిరాధారంగా నిలుస్తుంది.

నీళ్ళ బిందెను చంకన పెట్టుకొని నడవడం వేరు. చేయి చాచి పట్టుకొని నడవడం వేరు. బిందె బరువు మారదు, భుజంమీది ఒత్తిడి మారుతుంది. దారిలో గుంత తగిలిన ప్రతిసారీ మోటారు కాలు ఊగుతుంది. ఆ ఊపు కీలుకూ, ఎత్తి నిలిపే హైడ్రాలిక్ గొట్టాలకూ, చివరకు వెనుక పలకకూ చేరుతుంది. ఒకసారి వంచితే విరగని ఇనుప తీగ పదేపదే వంచితే విరుగుతుంది కదా! పలక లోపలి చెక్క మరల రంధ్రాలగుండా నీరు చేరి చివికి ఉన్నట్లయితే ప్రమాదం మరింత చేరువవుతుంది.

ఒక కడ్డీ చేసే మేలు

ఇందుకు విరుగుడుగా వచ్చినదే ‘ట్రాన్సమ్ సేవర్’ అనే ఊతకడ్డీ. దాని ఒక కొన ట్రెయిలరు చట్రానికి తగులుతుంది. రెండవ కొనన రబ్బరు తొడిగిన పంగ మోటారు కాలిని పట్టి ఉంచుతుంది. పై నుంచి మోటారును కొద్దిగా దించి, ఆ పంగలో గట్టిగా ఆనేటట్లు చేస్తారు. అప్పుడు కాలు ఊగదు; భారంలో కొంత ట్రెయిలరుకు దిగుతుంది.

అయితే ఒక షరతు ఉన్నది. పడవ వెనుక భాగాన్ని పట్టీలతో ట్రెయిలరుకు బిగించి కట్టాలి. లేనిచో ట్రెయిలరు ఒక తీరున, పడవ మరొక తీరున ఎగిరి, ఊతకడ్డీయే మోటారును పొడుస్తుంది. మోటారుకే అమర్చి ఉండే చిన్న ఆనిక మీటను ప్రయాణంలో నమ్మరాదు. అది పడవ నిలిచి ఉన్నప్పటి సౌకర్యం మాత్రమే. కుదుపులకు అది ఊడి మోటారు పడిపోవచ్చునని తయారీదారులే హెచ్చరిస్తారు. నేలకు తగినంత ఎడమున్న చోట మోటారును దించి, మామూలు స్థితిలోనే తీసుకువెళ్ళడం మేలని యమహా వంటి కంపెనీల సూచన.

బయలుదేరే ముందు మోటారు కాలిని పట్టుకొని పైకీ క్రిందికీ ఊపి చూడాలి. వెనుక పలక కూడా కదిలినా, మరల చుట్టూ సన్నని బీటలు కనిపించినా ప్రయాణం మానుకోవడమే ఉత్తమం. కొంతదూరం పోయిన తరువాత ఆగి, పట్టీలను మరల తడిమి చూడాలి. పడవను నీటిలో దించే ముందు కడ్డీని తీసివేయడం మరువరాదు.

ఇదంతా విహారప్రియుల ముచ్చట అనుకోనక్కరలేదు. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తినప్పుడు సముద్రతీరపు మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించి లోతట్టు పట్టణాలకు తరలించి, వేలాదిమందిని కాపాడారు. వరదలో ప్రాణాలు నిలిపే పడవ ముందుగా రోడ్డు ప్రయాణాన్ని క్షేమంగా ముగించాలి. దారిలో దెబ్బతిన్న మోటారు మిద్దెలమీద ఎదురుచూసే వారిని చేరలేదు.