లోకప్పు చెక్కకు లక్క పూత

చార్మినార్ నుండి పడమటి వైపు సాగే లాడ్ బజార్‌లో అడుగుపెడితే చూపు ముందుగా గాజుల మీదనే నిలుస్తుంది. నిప్పుల సెగపై లక్కను మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, వలయంగా చుట్టి, రాళ్లు పొదిగే ఆ పనితనానికి 2024లో ‘హైదరాబాద్ లక్క గాజులు’ పేరిట భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ లక్కే ఇంటి లోకప్పును కూడా కాపాడుతుందన్న సంగతి మాకు ఒక పొరపాటు తరువాత గాని తెలియలేదు.

నాలుగేండ్ల క్రితం, ఇంట్లో నిఖా ఉన్నదని, పెద్ద గది స్లాబు కింద పైన్ చెక్క పలకలు బిగించి తెల్లరంగు వేయించాము. ఒక వేసవి గడిచేసరికి ఆ తెలుపు మీద గోధుమరంగు మచ్చలు గుండ్రంగా తేలాయి. రంగు నాసిరకమని తలచి, పనివానికి ఇవ్వవలసిన చివరి మొత్తాన్ని ఆపివేశాము. మరొకరిచే ఇంకో రెండు పూతలు వేయించాము. కొన్ని నెలలకే మచ్చలు మళ్లీ కనిపించాయి.

లాడ్ బజార్ సమీపంలో ఉండే ఒక వృద్ధ వడ్రంగిని పిలిచి చూపించాము. “చాచా, స్లాబు కారుతున్నదా?” అని అడిగితే ఆయన నవ్వారు. “నీళ్లు కావు బేటా, ఇవి చెక్క ముడులు. వీటికి ముందు లక్క పట్టించాలి. పనివాడు చెప్పలేదా?”

చెప్పాడు. ఒక రోజు అదనంగా పడుతుందని, కొంత ఖర్చవుతుందని కూడా చెప్పాడు. తొందరలో మేమే వద్దన్నాము.

పైన్ చెట్టు కొమ్మ మొలిచిన చోట కాండంలో ముడి ఏర్పడుతుంది. అందులో జిగురు ఎక్కువ. ఎండకు కాగిన స్లాబు కింద అది మెత్తబడి పైకి ఊరుతుంది. నీటితో కలిపే రంగులు దానిని ఆపలేవు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై సూక్ష్మకీటకాలు స్రవించే లక్కను శుద్ధిచేసి, పొలుసులుగా చేసి, స్పిరిట్‌లో కరిగిస్తే తయారయ్యే పూత ఆ జిగురును లోపలే బంధిస్తుంది.

ఇటువంటి పని తలపెట్టే కుటుంబాలకు మేము నేర్చుకున్నది చెబుతాము. స్లాబు కారుతూ ఉంటే ముందు దానిని బాగుచేయించాలి. పలకలను కొన్ని రోజులు అదే గదిలో ఉంచితే అక్కడి తేమకు అలవాటుపడతాయి. బిగించక ముందే వెనుకవైపుకు, ఒకదానిలో ఒకటి దిగే అంచులకు ప్రైమర్ వేయించాలి. లేకుంటే ఎండాకాలం చెక్క ముడుచుకున్నప్పుడు రంగులేని గీతలు బయటపడతాయి. ఉప్పుకాగితంతో చెక్క చారల వెంబడి రుద్ది, దుమ్ము తుడిచి, ముడులపై ఊరిన జిగురును గీకివేయాలి. ఆపై ముడికి కొంచెం వెలుపలి వరకు లక్కను పలుచగా రెండుసార్లు పట్టించాలి. మైనం తీసిన లక్క అయితేనే పైరంగు గట్టిగా అంటుకుంటుంది. తరువాత ప్రైమర్, మేకు గుంతలకు లప్పం, చివరగా రెండు పూతల రంగు. మచ్చలు ఇప్పటికే వచ్చినచోట కూడా రంగును రుద్ది, లక్క పట్టించి, మళ్లీ రంగు వేయవచ్చు.

స్పిరిట్ త్వరగా అంటుకుంటుంది. కనుక పొయ్యి ఆర్పాలి, ఆ గదిలో లోబాన్ వేయరాదు, కిటికీలు తెరచి ఉంచాలి. పాత ఇండ్లలో మరొక జాగ్రత్త అవసరం. గృహోపయోగ రంగులలో సీసం 90 పీపీఎం మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగును పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లలకు హానికరం కావచ్చు. తడిపి రుద్దించండి, పిల్లలను, గర్భిణులను ఆ గదికి దూరంగా ఉంచండి.

చాచా వెళ్లిన మరునాడే ఆ పనివానిని వెదకి, ఆపిన కూలీ చేతిలో పెట్టి, క్షమాపణ కోరాము. అతడు డబ్బును లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకొని, “లక్క నేనే తెస్తాను, ఈసారి తొందరపెట్టకండి” అన్నాడు. తరువాత రెండు వేసవులు గడిచాయి. అల్లాహ్ దయవల్ల లోకప్పు తెల్లగానే ఉంది. చెమట ఆరకముందే చెల్లించవలసిన కూలీని అన్ని నెలలు ఆపిన సంగతి మాత్రం, తల ఎత్తి దానిని చూసినప్పుడెల్లా మాకు గుర్తుకు వస్తుంది.