గర్భిణి మందులు – బిడ్డ థైరాయిడ్: అపోహలు, వాస్తవాలు

నెల తప్పిందని తెలియగానే చాలామంది అప్పటిదాకా వాడుతున్న మాత్రలన్నీ పక్కన పెట్టేస్తారు. బిడ్డ మీద ప్రేమతోనే అలా చేస్తారు. కానీ థైరాయిడ్ మందుల విషయంలో ఆ తొందరపాటు బిడ్డకే చేటు.

అపోహ: థైరాయిడ్ మాత్ర వేసుకుంటే పుట్టే బిడ్డకూ థైరాయిడ్ వస్తుంది.

వాస్తవం: రాదు. ఆ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ మన థైరాయిడ్ గ్రంథిలో సహజంగా తయారయ్యే హార్మోనే. తొలి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి నుంచి అందే ఈ హార్మోనే ఆధారం. అందుకే చాలామందికి మోతాదు 25 నుంచి 50 శాతం పెంచాల్సి వస్తుంది. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు 4 గంటలు ఆగాకే. కలిపి మింగితే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు.

అపోహ: థైరాయిడ్ ఎక్కువైనవాళ్లు వాడే మందులు బిడ్డ గ్రంథిని శాశ్వతంగా పాడుచేస్తాయి.

వాస్తవం: కార్బిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్ మాయ దాటి బిడ్డను చేరతాయి. మోతాదు మించితే పుట్టిన బిడ్డలో హార్మోన్ తగ్గవచ్చు, మందు ప్రభావం పోగానే సాధారణంగా సర్దుకుంటుంది. తొలి వారాల్లో కార్బిమజోల్‌తో అవయవ లోపాల ముప్పు ఉంది కాబట్టి డాక్టర్ మందు మార్చవచ్చు. సొంతంగా మానేస్తే మాత్రం జబ్బు ముదిరి బీపీ పెరగవచ్చు, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు.

అపోహ: ఆపరేషన్‌తో తల్లి థైరాయిడ్ గ్రంథి తీసేశారు కాబట్టి బిడ్డకు భయం లేదు.

వాస్తవం: థైరాయిడ్ ఎక్కువయ్యేలా చేసే గ్రేవ్స్ జబ్బుకు కారణమైన యాంటీబాడీలు ఆపరేషన్ తర్వాత కూడా తల్లి రక్తంలో ఉండవచ్చు. అవి బిడ్డ గ్రంథిని రెచ్చగొట్టగలవు. గర్భంలోనే రక్తపరీక్షతో వాటిని కనిపెట్టవచ్చు.

అపోహ: థైరాయిడ్ మందులు తప్ప మరేవీ ఆ గ్రంథి జోలికి పోవు.

వాస్తవం: గుండె లయకు వాడే అమియోడరోన్‌లో అయొడిన్ చాలా ఎక్కువ. పుండ్లకు పూసే పోవిడోన్ అయొడిన్ కూడా ఒంట్లోకి ఇంకుతుంది. అతిగా చేరిన అయొడిన్ పసిబిడ్డ గ్రంథి పనిని ఆపేయగలదు.

అపోహ: పుట్టిన బిడ్డ చలాకీగా ఉంటే థైరాయిడ్ పరీక్ష అక్కర్లేదు.

వాస్తవం: హార్మోన్ లోపంతో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది మొదట్లో మామూలుగానే కనిపిస్తారు. తగ్గని కామెర్లు, మలబద్ధకం, బొంగురు ఏడుపు తర్వాత బయటపడతాయి. పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య మడమ దగ్గర సూదితో గుచ్చి, నాలుగు చుక్కల రక్తం ప్రత్యేక కాగితం మీద తీసుకుంటే చాలు. లోపం ఉంటే రెండు వారాల్లోపే మందు మొదలుపెట్టాలి. అప్పుడే మెదడుకు రక్షణ.

మొదటి చెకప్‌కు వెళ్లేటప్పుడు వాడుతున్న ప్రతి మందు చీటీ, స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. కాన్పయ్యాక పిల్లల డాక్టర్‌కూ అవే చూపించండి. ఏ మందూ మీ అంతట మీరు మొదలుపెట్టకండి, మానకండి.