మాడ్రిడ్ కీర్తి, బార్సిలోనా ప్రతిష్ఠ

స్పెయిన్ దేశపు రెండు ఫుట్‌బాల్ జట్లలో ఏది గొప్పది? కప్పులు లెక్కించినచో తగవు క్షణములో తీరును. 1956 మొదలు 1960 వరకు యూరోపియన్ కప్పును వరుసగా అయిదుమారులు గెలిచిన రియల్ మాడ్రిడ్, 2024 నాటికి దానిని 15 పర్యాయములు చేజిక్కించుకొన్నది. బార్సిలోనాకు ఆ కప్పు తొలిసారి దక్కినది 1992లో.

అయినను లోకము ఈ రెండు పేర్లను జంటగానే తలచును. అందుకు మెస్సీ వంటి ఆటగాండ్రు మాత్రమే కారణము కాదు. ఫ్రాంకో నిరంకుశ పాలనలో కటలాన్ భాష పాఠశాలలనుండి, కచేరీలనుండి వెలివేయబడినది. క్లబ్బు పేరును సైతము స్పానిషు మర్యాదకు మార్చవలసివచ్చినది. వేలాది జనము గుమిగూడి తమ మాటలో గొంతెత్తగలిగిన తావు దాదాపు ఆ ఆటస్థలమొక్కటే! క్లబ్బు అధ్యక్షుడు జోసెప్ సున్యోల్‌ను 1936లోనే ఫ్రాంకో సైనికులు కాల్చి చంపిరి. తల్లిభాషకు నీడనిచ్చిన జట్టును ఓటమి చిన్నబుచ్చగలదా?

ఇంతమాత్రమున మాడ్రిడ్ జట్టును నియంతకు పెంపుడు బిడ్డ యనుట న్యాయము కాదు. అంతర్యుద్ధారంభమున దాని అధ్యక్షుడైన రఫాయెల్ సాంచెజ్ గెర్రా గణతంత్రవాది. ఫ్రాంకో గెలిచిన పిమ్మట చెరసాల పాలైనాడు. ఆ కప్పులను తెచ్చినది ఆటయే. 1960లో గ్లాస్గో నగరమున, లక్షకు మించిన ప్రేక్షకుల యెదుట, ఫ్రాంక్‌ఫర్ట్‌పై మాడ్రిడ్ వేసిన ఏడు గోల్సులో హంగేరీ వీరుడు పుష్కాష్‌వి నాలుగు, అర్జెంటీనానుండి వచ్చిన డి స్తెఫానోవి మూడు. అంతకుముందు సెమీఫైనల్లో వారిచేత రెండు ఆటలలోను ఓడినది బార్సిలోనాయే. మాడ్రిడ్ జైత్రయాత్రను ఆ యేటి చివరనే మొట్టమొదట నిలిపినదియు బార్సిలోనాయే.