ఆ బల్ల ఎవరు సర్దాలి?

ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద బల్లనీ రాత్రి దాకా ఎవరూ కదపకూడదు, తుడవకూడదు, దాని మీద కూరగిన్నె దించకూడదు అంటే ఏ ఇల్లాలైనా ఏమంటుంది? "అయితే ఇవాళ్టికి కంచాలు ఒళ్ళో పెట్టుకు తినండి" అంటుంది. నేనైనా అంతే. కానీ పడమటి దేశాల్లో ఈ మాట అనిపించుకుంటూనే తరాల తరబడి బతికి బట్టకట్టిన ఆటలు కొన్ని ఉన్నాయి. వాటి కథ చదువుతుంటే ఎవరు గెలిచారు, ఎవరు ఓడారన్న దానికంటే ఆ బల్ల ఎవరిది, ఆఖర్న దాన్ని సర్దేది ఎవరు అన్న సంగతే నన్ను ఎక్కువ పట్టుకుంది.

ముందు ఆటలేమిటో చెప్పాలి కదా. ఇవి రెండు రకాలు. అక్కాచెల్లెళ్ళనుకోండి. అక్కగారు బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధం. పాతకాలపు కొలత ప్రకారం ఒక్కో సిపాయి 25 మిల్లీమీటర్లు, అంటే వేలి కణుపంత. వాటికి గుర్రాలు, ఫిరంగులు. బల్ల మీద పచ్చగుడ్డ పరిచి కొండలు, అట్టముక్కలతో ఇళ్ళు. మనం బొమ్మల కొలువులో ఆవాలు మొలకెత్తించి పార్కు చేస్తామే, ఇంచుమించు అలాంటి ముచ్చటే. చదరంగంలోలా గళ్ళుండవు. కాల్బలం ఇన్ని అంగుళాలు, గుర్రాలు అన్ని అంగుళాలు అని టేపు పెట్టి కొలిచి నడుపుతారు. ఎవరు పడ్డారో పాచికలు చెబుతాయి. సిపాయి కోటుకి బొత్తాములు కనబడేలా సన్న కుంచెతో రంగులు వేయడానికే వారాలు పడుతుంది. కొందరికైతే ఆట కంటే ఆ రంగులు వేయడమే అసలు హాబీ. (పాత లోహపు బొమ్మల్లో సీసం ఎక్కువ. చిన్నపిల్లలున్న ఇంట్లో వాటిని అందనిచోట పెట్టాలి.)

చెల్లెలు రోల్ ప్లేయింగ్. దీనికి బొమ్మలున్నా సరే, లేకపోయినా సరే. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు రిఫరీ. ఆ మనిషి దగ్గర గ్రాఫ్ కాగితం మీద గీసిన నేలమాళిగ మ్యాపు ఉంటుంది. అది ఎవరికీ చూపించరు. మిగతావాళ్ళు ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. "మెట్లు దిగారు. ఎదురుగా తలుపు. అవతల ఏదో గీకుతున్న చప్పుడు. ఏం చేస్తారు?" అంటాడు రిఫరీ. ఏం చేస్తారో నోటితో చెప్పాలి. చెప్పినదాన్నిబట్టి కథ నడుస్తుంది, తేలనిచోట పాచిక వేస్తారు. ఇందులో గెలుపనేది లేదు. బతికి బయటపడితే వచ్చేవారం మళ్ళీ అక్కణ్ణించే. నాలాగా ఒక్కత్తీ కూర్చుని కథలు రాసుకునేవాళ్ళకి ఇది భలే వింత. ఐదుగురు కలిసి అల్లే కథ, ముగింపు ఐదుగురిలో ఒక్కరికీ తెలీదు.

దీని మూలం వెతుక్కుంటూ వెనక్కి పోతే మన చతురంగం దగ్గరికే వస్తాం. అది పర్షియా మీదుగా యూరప్ చేరింది. 1780లో జర్మనీలోని బ్రున్‌స్విక్‌లో హెల్విగ్ అనే పంతులుగారు చదరంగాన్నే పెద్దది చేసి, రకరకాల నేలలు, ఫిరంగులు కలిపి యుద్ధపాఠాలు చెప్పే ఆట తయారుచేశాడు. 1812లో రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజుగారికి సొరుగులున్న పెద్ద బల్లే బహూకరించాడు. సొరుగుల నిండా పేర్చుకోవడానికి వీలైన నేల ముక్కలు, పావులు. రాజుగారికి నచ్చింది. నచ్చదూ మరి! కోటలో బల్లకో గది, తుడవడానికో మనిషి. రైస్విట్జ్ కొడుకు 1824లో ఆ ఆటను మ్యాపుల మీదికి మార్చి, పాచికలూ మధ్యవర్తీ పెట్టి సైన్యం చేతికిచ్చాడు. ఇప్పటి నేలమాళిగ రిఫరీకి ఆ మధ్యవర్తే తాతగారు.

కోటల్లోంచి ఇళ్ళల్లోకి తెచ్చినవాళ్ళలో పెద్ద పేరు హెచ్.జి. వెల్స్‌ది. కాలయంత్రం కథ రాసిన ఇంగ్లీషు రచయిత ఆయనే. 1913లో 'లిటిల్ వార్స్' అని ఈ ఆట మీద పుస్తకం వేశాడు. ఆయనగారు బల్ల కూడా కాదు, ఏకంగా నేలంతా ఆక్రమించి సిపాయిల్ని నిలబెట్టి, స్ప్రింగుతో కర్రముక్కలు కొట్టే బొమ్మ ఫిరంగితో వాటిని పడగొట్టేవాడు. నిజం యుద్ధాలు ఎంత తెలివిమాలినవో అదే పుస్తకంలో రాశాడు, మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అంత మంచి మనిషే పుస్తకం పేరు కింద, ఇది మగపిల్లల ఆటలు ఇష్టపడే తెలివైన రకం ఆడపిల్లలకి కూడా పనికొస్తుందని వేశాడు. లోపల ఇంకోచోట, సైన్యాలు పరిచి ఉండగా ఆడవాళ్ళు కొందరు ఇంటికొచ్చి చులకనగా చూశారనీ, ఊహకు సంబంధించినదంటే ఆడజాతికి అంతేననీ అర్థం వచ్చేలా చురక వేశాడు.

ఆ వచ్చినవాళ్ళ తరఫున ఒక్కమాట చెప్పుకోనివ్వండి. ఊహ లేక కాదు మహాశయా, కాలు పెట్టడానికి చోటు లేక! చందమామలో కుందేలుందని చూపించి నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించేవాళ్ళకి ఊహ లేదట. ఊహ బోలెడుంది. మూడు గంటలు కదలకుండా కూర్చునే తీరికా, ఎవరూ ఖాళీ చెయ్యమనని బల్లా, ఆ రెండే లేవు.

నేలమాళిగ పుట్టింది కూడా ఓ మామూలు ఇంట్లోనే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. గ్యారీ గైగాక్స్‌కి 1970లో ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయింది. ఐదుగురు పిల్లలు. ఇంటి కింది గదిలో బూట్లు బాగుచేసి సంపాదించేవాడు. ఆ గదిలోనే బొమ్మ యుద్ధాలకి ఇసుక బల్ల. 1971లో మధ్యయుగాల యుద్ధాలకి 'చెయిన్‌మెయిల్' అని నియమాల పుస్తకం వేశాడు, జెఫ్ పెరెన్‌తో కలిసి. అటు మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడు సైన్యాల్ని పక్కనపెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషిని అప్పగించి, కోట కింది సొరంగాల్లోకి దింపడం మొదలుపెట్టాడు. 1972 చివర్లో లేక్ జెనీవా వచ్చి ఆడి చూపించాడు. గైగాక్స్ తనూ ఓ నేలమాళిగ గీసి ముందు ఎవరిమీద ప్రయోగించాడంటే, సొంత పిల్లలు ఎర్నీ, ఎలీజ్‌ల మీద. అంటే ఆ మొదటి ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల. వాళ్ళకి పెట్టెడు రాగి నాణేలు దొరికాయి గానీ మోయలేనంత బరువట! ఆ ఆటలో పేరుమోసిన వింత జంతువులు కొన్ని చవక దుకాణంలో కొన్న ప్లాస్టిక్ బొమ్మల్ని చూసి పుట్టినవే.

'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974 జనవరిలో అచ్చయింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, పది డాలర్లు. మొదటి వెయ్యి పెట్టెలూ ఇంట్లో చేత్తో సర్దినవే. ఏడాది గడిచేసరికి అమ్ముడుపోయాయి. భాగస్వామి డాన్ కే 1975 జనవరిలో గుండెపోటుతో చనిపోయాడు, నలభై కూడా నిండకుండా. ఆ తర్వాత కొన్ని నెలలు లెక్కలూ, పార్సెళ్ళూ చూసింది ఆయన భార్య డోనా. గైగాక్స్ భార్య సంగతి ఇంకోలా ఉంది. తొలిరోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు, రాత్రిళ్ళు ఇంటిపట్టున ఉండని భర్తకి ఎవరితోనో సంబంధం ఉందనుకుని వెతుక్కుంటూ వెళ్ళిందట. తీరా చూస్తే ఓ స్నేహితుడి ఇంటి కింది గదిలో మగాళ్ళంతా మ్యాపుల చుట్టూ కూర్చుని ఉన్నారట. ఆ ఆటగాళ్ళు దీన్ని నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఇంట్లో పిల్లలకి అన్నాలు పెట్టి పడుకోబెట్టినవాళ్ళకి ఎన్ని పాయింట్లు ఇచ్చారో ఏ నియమాల పుస్తకంలోనూ లేదు.

ఆటలోకి వచ్చిన ఆడవాళ్ళకి మర్యాద ఎలా జరిగిందో కూడా వినండి. 1976లో వాళ్ళ 'డ్రాగన్' పత్రికలో వచ్చిన ఓ వ్యాసం ఆడ పాత్రలకి నలుగుర్ని ఆకట్టుకునే గుణం తీసేసి 'అందం' అని మార్కులు పెట్టింది. 1978 నాటి నియమాల పుస్తకం ఆడ పాత్రల బలానికి మగవాళ్ళ కంటే తక్కువ హద్దు గీసింది. డ్రాగన్ నిప్పులు కక్కుతుంది, మంత్రగాడు గాల్లో ఎగురుతాడు, అవన్నీ నమ్మొచ్చు. బలమైన ఆడది మాత్రం నమ్మశక్యం కాదు కాబోలు! 1989లో వచ్చిన రెండో ముద్రణ ఆ హద్దు తీసేసింది.

అయినా వచ్చారు. లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ 1975లో 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' అని ఓ పత్రిక మొదలుపెట్టింది. ఆటగాళ్ళు ఎవరి పేజీలు వాళ్ళు రాసి పంపితే అవన్నీ కలిపి అందరికీ తిరిగి పంపేది. నలభై ఏళ్ళకు పైగా నడిపింది. ఎవరేం ఆడుతున్నారో, ఏ నియమం ఎక్కడ బెడిసిందో ఆ ఆటలోకం తెలుసుకున్న చోట్లలో అదొకటి. 1979లో జీన్ వెల్స్ ఆ కంపెనీ రచనా విభాగంలో చేరిన మొదటి స్త్రీ. పాఠకుల సందేహాలు తీర్చే శీర్షిక తొలుత ఆవిడే రాసింది. తర్వాత 'ప్యాలెస్ ఆఫ్ ద సిల్వర్ ప్రిన్సెస్' అని సొంతంగా ఓ సాహసగాథ రాస్తే, అచ్చయి వచ్చీరాగానే బొమ్మలు బాగాలేవని పైవాళ్ళు వెనక్కి తెప్పించి చాలా ప్రతులు పారేయించారు. 1981లో వేరొకరు తిరగరాసింది మార్కెట్లోకి వచ్చింది. పారేయగా మిగిలిన ఆ కొద్ది ప్రతుల్నీ ఇప్పుడు వేల డాలర్లు పెట్టి కొంటున్నారు. రచయిత్రిగా ఇది చదివి నాకు కడుపు మండింది. 1983లో భర్తతో కలిసి 'రావెన్‌లాఫ్ట్' రాసిన లారా హిక్‌మన్, 1984 నుంచి 'డ్రాగన్‌లాన్స్' నవలలు రాసిన మార్గరెట్ వైస్, బొమ్మలు చెక్కిన జూలీ గుత్రీ, ఇలా చెప్పుకుంటూపోతే ఇంకా ఉన్నారు.

నాకీ గొడవంతా ఎలా తగిలిందంటే మా అక్క వల్ల. అక్కావాళ్ళు న్యూజెర్సీలో ఉంటారు. "ఏమే, వీడు ఆదివారం వస్తే చాలు, ఫ్రెండ్స్‌ని పోగేసి దయ్యాల ఆటేదో ఆడుతున్నాడే. దాన్ని గురించి అప్పట్లో టీవీలో కూడా చెప్పారట, పిల్లలు పాడైపోతారని. మానిపించనా?" అని ఫోను. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1982లో వర్జీనియాలో ఓ తల్లికి కొడుకు పోయాడు, ప్రాణం తీసుకున్నాడు. అందుకు ఆ ఆటే కారణమని నమ్మి 1983లో సంఘం పెట్టి దేశమంతా తిరిగి పోరాడింది. 1985లో పెద్ద టీవీ కార్యక్రమంలోనూ వచ్చింది. తర్వాత పరిశీలించినవాళ్ళకి ఆటకీ, ఆ చావులకీ కార్యకారణ సంబంధం కనబడలేదు. ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. గదిలో ఒంటరిగా కుమిలిపోయే పిల్లాణ్ణి గమనించాలన్నది మాత్రం నిజం. కానీ నలుగురి మధ్య బల్ల ముందు కూర్చుని ఎదురుగా ఉన్నవాళ్ళ మొహంలోకి చూస్తూ మాట్లాడే పిల్లాడి గురించి అంత బెంగ అక్కర్లేదు, సెల్లు చేతిలో పట్టుకుని మాటాపలుకూ లేనివాడి కంటే నయమే కదా అన్నాను అక్కతో.

పోయిన వేసవి సెలవుల్లో ఆ పిల్లాడే వచ్చి మా ఇంట్లో ఆట పెట్టాడు. కొత్తరకం కాదు, 1980ల నాటి పద్ధతి. ఈ పాత పద్ధతి మీద ఇప్పుడు మళ్ళీ మోజు పుట్టిందట. ఆడేది నేనూ, మా అమ్మాయి, మా అత్తగారు. పాత పద్ధతిలో చంపినందుకు దక్కేది తక్కువ. నేలమాళిగలోంచి బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు, అసలు సంపాదన అదే. కనక కత్తి కంటే సరంజామా ముఖ్యం. తాడు ఎన్ని అడుగులు, తిండి ఎన్ని రోజులకి, ఎవరు ఎంత మొయ్యగలరు? అంటే సరుకుల చీటీ అన్నమాట. అక్కడే మా అత్తగారు అందుకున్నారు.

"కాగడా ఎంతసేపు వెలుగుతుంది నాయనా?"

"ఒక్కోటి గంట, మామ్మగారూ."

"ఎన్నున్నాయి?"

"ఆరు."

"అయితే మూడు అయిపోగానే వెనక్కి తిరగడమే. బంగారం ఉన్నా సరే."

అనుభవం ఉన్నవాళ్ళకి కూడా ఇది తట్టదని మా వాడు నోరెళ్ళబెట్టాడు. రెండో మలుపులో మరుగుజ్జు భూతాలు ఎదురైతే మా అమ్మాయి కత్తి దూస్తానంది. అత్తగారు ఒప్పుకోలేదు. "ఈ చీకట్లో వాళ్ళేం తిన్నారో పాపం, జంతికలుంటే పెట్టు" అన్నారు. ఎదురైన భూతం కోపంగా ఉందో శాంతంగా ఉందో తేల్చడానికి రెండు పాచికలు వేయాలని పాత నియమాల్లో ఉంది. వాడు వేశాడు. పదకొండు పడింది. భూతాలు జంతికలు తిని నిధికి దారి చెప్పాయి.

నా సంగతంటారా, ఆ మూడు గంటల్లో ఏడుసార్లు లేచాను. గ్యాసు సిలిండరు, కొరియరు, పక్కింటావిడ తాళాలు. పాలు పొంగుతాయని పరిగెత్తినప్పుడు నా మంత్రగత్తె వెనకబడి గుంటలో పడింది. ఎనిమిదోసారి మావారు లోపలి గదిలోంచి కాఫీ అని కేకేస్తే నేను లేవబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "డికాషన్ ఫిల్టర్‌లో ఉంది, పాలు స్టౌ మీదున్నాయి, నువ్వే కలుపుకోరా. మేం నేలమాళిగలో ఉన్నాం" అన్నారు. ఆయన కలుపుకున్నారు. మాక్కూడా తెచ్చి, బల్ల మీద ఎక్కడ పెట్టాలో తెలీక గ్లాసులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

సరదాపడి మొదలుపెట్టాలంటే పెద్ద ఖర్చేం లేదు. పాతకాలపు పద్ధతిలో రాసిన నియమాలు ఉచితంగానే దొరుకుతున్నాయి, 'బేసిక్ ఫాంటసీ' లాంటివి. ఓ గ్రాఫ్ పుస్తకం, పెన్సిళ్ళు చాలు. బొమ్మలు లేకపోతే చింతగింజలు పెట్టుకోండి, మేం అలాగే ఆడాం. ఆరు ముఖాల పాచికలు ఇంట్లో ఉండనే ఉంటాయి. ఇరవై ముఖాల పాచిక దొరకకపోయినా ఫరవాలేదు. 1979 ప్రాంతంలో అమెరికాలోనే పాచికల కొరత వచ్చి, వాటి బదులు అంకెలు వేసిన చీటీలు పెట్టెలో పెట్టి అమ్మారు. ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి ఖాళీ పోపుడబ్బాలో వేసి, కళ్ళు మూసుకుని తీయండి.