పియానో: వేలి వేగాన్ని వినిపించే యంత్రం

పియానో తీగవాద్యమే అయినా వాయించేవారి వేలు తీగను ఎన్నడూ తాకదు. వేలు మెట్టును నొక్కుతుంది, మెట్టు లోపలి మీటలను కదిలిస్తుంది, ఆ మీటలు ఒక చిన్న సుత్తిని తీగ మీదికి విసురుతాయి. వేలికీ తీగకూ మధ్య ఇంత యంత్రం ఉన్నా, మెల్లగా నొక్కితే నాదం మెల్లగా, వడిగా నొక్కితే బిగ్గరగా పలుకుతుంది. మూడు వందల ఏళ్ల పియానో చరిత్ర ఈ ఒక్క గుణాన్ని సాధించి, నిలబెట్టుకోవడానికి జరిగిన కృషి.

పదిహేడో శతాబ్దపు ఐరోపాలో మెట్లున్న తీగవాద్యాలు ముఖ్యంగా రెండు. హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కగానే పక్షి ఈకతో చేసిన చిన్న ముల్లు తీగను మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా ధ్వని దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. క్లావికార్డ్‌లో ఇత్తడి రేకు ఒకటి తీగను తాకి, మెట్టు వదిలేదాకా అక్కడే ఆనుకుని ఉంటుంది. వేలి తాకిడిలోని తేడాలు ఇందులో చక్కగా పలుకుతాయి కానీ, నాదం పక్క గదికి కూడా వినపడనంత సన్నం. మొదటిదానికి ఉన్న బలం, రెండోదానికి ఉన్న సున్నితత్వం ఒకే వాద్యంలో కావాలి.

ఆ పని చేసినవాడు బార్తొలొమెయో క్రిస్తోఫోరి. 1655లో ఇటలీలోని పాడువాలో పుట్టాడు. 1688లో ఫ్లారెన్స్ యువరాజు ఫెర్దినాందో దె మెదిచి కొలువులో చేరి, ఆస్థాన వాద్యాలను చూసుకునేవాడు. ఆయన చేసిన కొత్త వాద్యం మెల్లగానూ బిగ్గరగానూ పలుకుతుందని 1700లో రాసిన మెదిచి వాద్యాల పట్టిక చెబుతోంది.

సుత్తితో తీగను కొట్టించడం తేలికే. చిక్కు ఆ తర్వాతిది. కొట్టిన సుత్తి తీగకు ఆనుకుని ఉంటే కంపనం ఆగిపోతుంది, నాదం చచ్చిపోతుంది. మెట్టు ఇంకా నొక్కే ఉన్నా సుత్తి మాత్రం వెనక్కి రావాలి. క్రిస్తోఫోరి దీనికి కనిపెట్టిన ఉపాయమే నేటి పియానోకూ ఆధారం. మెట్టు సుమారు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. ఆలోగా తీగను అణచి ఉంచే డ్యాంపర్ పైకి లేస్తుంది, సుత్తి దాదాపు అయిదింతల దూరం ఎగురుతుంది. తీగకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో, సుత్తిని తోస్తున్న మీట పక్కకు తప్పుకుంటుంది. అక్కడి నుంచి సుత్తి తన వేగంతోనే వెళ్లి తీగను కొట్టి వెనక్కి పడుతుంది. అది ఎగిరి మళ్లీ తీగకు తగలకుండా వెనకున్న పట్టు దాన్ని ఆపుతుంది. వేలు ఎత్తగానే డ్యాంపర్ తీగ మీద వాలి నాదాన్ని ఆపేస్తుంది.

క్రిస్తోఫోరి చేసిన పియానోల్లో మూడే మిగిలాయి. 54 మెట్లున్న 1720 నాటి పియానో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1722 నాటిది రోములో, 1726 నాటిది లైప్‌జిగ్‌లో ఉన్నాయి.

1711లో ఇటలీ రచయిత షిపియోనె మాఫెయి ఈ యంత్రాన్ని బొమ్మతో సహా వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. అది జర్మన్‌లోకి వచ్చాక వాద్య నిర్మాత గాట్‌ఫ్రీడ్ జిల్బర్‌మాన్ ఆ పద్ధతిలో పియానోలు చేశాడు. వాటి పైస్థాయి స్వరాలు బలహీనంగా ఉన్నాయని మొదట విమర్శించిన యోహాన్ సెబాస్టియన్ బాహ్, జిల్బర్‌మాన్ తన పనిని మెరుగుపరిచాక మెచ్చుకున్నాడు. 1760లలో లండన్‌లో యోహానెస్ జుంపె తయారుచేసిన బల్లలాంటి చిన్న పియానోలు మధ్యతరగతి ఇళ్లలో అడుగుపెట్టాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో కచేరీ సభలు పెద్దవయ్యాయి. వాటిని నింపే నాదం కోసం తీగలు లావెక్కాయి, బిగువు పెరిగింది, కర్ర చట్రం ఆ లాగుడుకు వంగసాగింది. 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే అచ్చులో పోసిన ఇనుప చట్రానికి పేటెంట్ పొందాడు. నేటి పెద్ద పియానోలో సుమారు 230 తీగలు కలిసి దాదాపు 20 టన్నుల బలంతో లాగుతుంటే నిబ్బరంగా మోసేది ఆ ఇనుమే. 1859లో స్టైన్‌వే సంస్థ మంద్రస్థాయి తీగలను మిగతావాటి మీదుగా ఏటవాలుగా బిగించే పద్ధతిని గ్రాండ్ పియానోకు తెచ్చింది.

బలం పెరిగితే సున్నితత్వం తగ్గకూడదు. సెబాస్టియన్ ఎరార్ రూపొందించగా 1821లో పేటెంట్ పొందిన యంత్రాంగంలో మెట్టు పూర్తిగా పైకి రాకముందే సుత్తి రెండో దెబ్బకు సిద్ధమవుతుంది. ఒకే స్వరాన్ని గబగబా పలికించడం దీనితో సులువైంది. 1826లో ఆన్రి పాప్ సుత్తులకు తోలు బదులు ఉన్ని ఫెల్టు తొడిగాడు. మెల్లని దెబ్బకు ఫెల్టు మెత్తగా తగులుతుంది, వడి దెబ్బకు అణిగి గట్టిబడుతుంది. అందుకే బిగ్గరగా వాయించినప్పుడు ధ్వని పెరగడమే కాదు, దాని రంగు కూడా మారుతుంది. 1880ల నాటికి 88 మెట్లు ప్రమాణంగా స్థిరపడ్డాయి.

కొత్తగా నేర్చుకునేవారికి ఆ 88 మెట్లు చూడగానే బెదురు పుట్టవచ్చు. కానీ అమరిక చాలా సరళం. నల్ల మెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. రెండు నల్ల మెట్ల గుంపుకు ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు ‘సి’. వాద్యం నడుమనున్న ‘సి’ దగ్గర పాఠం మొదలవుతుంది. ఏడు తెల్లవి, అయిదు నల్లవి కలిసి పన్నెండు మెట్లు ఒక స్థాయి. కర్ణాటక సంగీతం తెలిసినవారు వీటిని పన్నెండు స్వరస్థానాలుగా పోల్చుకోవచ్చు. అయితే తీగ వేలికి అందదు గనుక వీణ మీద పలికే గమకాలు ఇక్కడ సాధ్యం కావు.

రెండు చేతుల వేళ్లకూ బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఒకటి నుంచి అయిదు అంకెలు ఉంటాయి. పుస్తకంలో స్వరం పక్కన అంకె ఉంటే ఆ వేలితోనే వాయించాలి. వేళ్లు సహజంగా వంగి, మణికట్టు బిగుసుకోకుండా, మోచేయి ఇంచుమించు మెట్ల ఎత్తులో ఉండేలా కూర్చోవాలి.

ఇక సాధన అంతా యంత్రం మీద అవగాహనే. సుత్తి విడివడ్డాక మెట్టును ఎంత అదిమినా నాదం మారదు. కాబట్టి ఒక్కో స్వరంలో వాయించేవారి చేతిలో ఉన్నవి రెండే: మెట్టు దిగే వేగం, దాన్ని వదిలే క్షణం. ఒకే మెట్టును అతి మెల్లని నాదం నుంచి పెద్ద నాదం దాకా క్రమంగా పెంచుతూ నొక్కడం మొదటిదానికి సాధన. పక్కపక్క మెట్లలో ఒకటి లేస్తుండగా మరొకటి దిగేలా, స్వరాల మధ్య ఖాళీ రాకుండా వాయించడం రెండోదానికి. కుడి పెడల్ తొక్కితే డ్యాంపర్లన్నీ ఒకేసారి లేచి, వేలు తీసినా నాదం నిలుస్తుంది. చేతులు కుదురుకున్నాక దాన్ని మొదలుపెట్టడం మంచిది, లేదంటే వేళ్ల తప్పులు ఆ నాదంలో కలిసిపోయి చెవికి దొరకవు.